గుట్ట మీది పైడికంటె

పైడికంటెను మీరు చూసే ఉంటారు. పేరు తెలియక గుడ్లగూబ పిల్ల అనుకుని ఉంటారు. దాదాపు గోరింకంత ఉంటుంది. గుండ్రటి తల, బూడిదరంగు ఒంటి మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు, పచ్చటి కళ్లు. మనిషి కనబడితే వెంటనే ఎగిరిపోదు. తల కిందికీ పైకీ ఆడిస్తూ మనల్నే పరీక్షగా చూస్తుంది. పొద్దుగూకే వేళ ఒకటి గొంతెత్తితే దాని జంట అందుకుంటుంది. కాసేపటికి రెండూ కలిసి, గోడకు అటూ ఇటూ నిలబడి ఇద్దరు పోట్లాడుకుంటున్నట్టు రేగిపోతాయి.

అడవి శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నల్లగొండలో మా ఇంటికి వచ్చి, పిట్టల్ని గుర్తుపట్టడం ఎట్లాగో చెప్పమంటారు. ఈకల సంగతి చెబుతాను, గొంతుల సంగతి చెబుతాను. టీ తాగి, దండం పెట్టి వెళ్లిపోతారు. నేను పైడికంటెను తప్పుగా గుర్తుపట్టిన సంగతి మాత్రం వాళ్లకెప్పుడూ చెప్పలేదు. ఎదురుగా చెప్పడానికి నోరు రాదు కనుక రాస్తున్నాను.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. నిజాం సర్కారు ఇంకా ఉన్న రోజుల్లోనే నాకు జంగ్లాత్‌లో చౌకీదారు పని దొరికింది. అడవి శాఖను అప్పుడు అందరూ జంగ్లాత్ అనే అనేవాళ్లు. నన్ను కట్టంగూరు వైపు గుట్టల మధ్య ఉన్న ఒక ఊరికి పంపారు. ఊరి పేరు రాయను. అక్కడ నాకంటే ముందునుంచీ పనిచేస్తున్న చౌకీదారు ఒక ముసలాయన. ఊరంతా ఆయన్ని చాచా అనేది, నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. భార్య పోయింది, పిల్లలు లేరు. జొన్నరొట్టెలు తానే చేసుకునేవాడు. నాకూ రెండు పెట్టి, తినేదాకా ఊరుకునేవాడు కాదు.

నేను వెళ్లిన కొత్తలో ఒకనాడు గుట్ట కింద నడుస్తుంటే పైన బండల్లోంచి బూ... అని లావాటి గొంతు వినిపించింది. నేను గొప్పగా "పైడికంటె" అన్నాను. చాచా నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది ఆయనకు.

"అరె బేటా, గింత పిట్టకు గంత గొంతు ఏడికెల్లొస్తదిరా? మేకపిల్లకు ఎద్దు గొంతు పెడ్తవా?"

"మరేంది చాచా?"

"కొండగూబ. గుట్టల్నే పుట్టి గుట్టల్నే సస్తది, ఊరు మొకం సూడది. నీ పైడికంటెకు మనుసులు గావాలె. చింతచెట్టు తొర్రల ఉంటది, గడి గోడల ఉంటది, మన కొట్టం మీద పురుగులేరుకుంటది. ముందు జాగా అడుగు. గొంతు తర్వాత ఇను."

జాగా ముందు, గొంతు తర్వాత. ఆ మాట నాకు బాగా పట్టుబడింది. ఎక్కడ ఏ పిట్ట ఉండాలో అక్కడ దాన్నే వెతకడం, అక్కడ ఉండనిదాన్ని వేరేదనుకోవడం. తర్వాత కొన్నాళ్లకు చాచా కంటే నేనే ముందు చెప్పగలిగేవాణ్ని. దాంతో నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఆ తర్వాత రోజుల గురించి మీరు చదువుకునే ఉంటారు. ఊరి దొర తన గడిని, కోటలాంటి ఆ ఇంటిని, విడిచి పట్నం పోయాడు. గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు తిరిగాయి. రజాకార్లు వచ్చిన ఊళ్లలో ఏం మిగిలిందో చూశాను. పగలు ఒకరికి, పొద్దుగూకాక ఇంకొకరికి దండం పెట్టి ఉద్యోగం నిలబెట్టుకున్నాం. అందరు చౌకీదార్లలాగే నేను కూడా ఒకటి రెండుసార్లు దళం వాళ్లకు దారి చూపించాను, అన్నం పెట్టాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నన్ను భయపెట్టింది అదే.

యూనియన్ సైన్యం వచ్చిన ఆ వానాకాలపు చివరి రోజుల్లో మరో రకం భయం పట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్లలో ముస్లింల ఇళ్ల మీద పడుతున్నారని కబురొచ్చింది. చాచా ఎవరికీ చెడు చేసినవాడు కాదు. అయినా ఆ రోజుల్లో అది ఎవరూ అడగలేదు. ఆయన్ని కాపాడింది నేను కాదు, మేకలు కాచుకునే ఒక గొల్లాయన. గుట్ట కింద మేకల దొడ్డిలో, ఆకుమోపుల వెనక ఆయన్ని దాచిపెట్టి, గొడవ చల్లారేదాకా భార్యాభర్తలిద్దరూ జొన్న గటక పోశారు. గొల్లామె నోరు పెద్దది.

"ఏమయ్యా చాచా, ఇన్నేండ్లు మా మేకలు అడివిల జొచ్చినయని బందెల దోలితివి. ఇప్పుడు నిన్నే మా దొడ్ల దోలిన. బందె ఎవలిస్తరు?" అనేదట. మేకల వాసనలో కూర్చుని చాచా కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వేవాడట. ఈ మాట ఆయనే నాకు చెప్పాడు.

చలికాలానికి, దళాలను పట్టుకోవడానికని, దొర విడిచిపోయిన గడిలో పోలీసు క్యాంపు పెట్టారు. జవాన్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, వాళ్లకు మన భాష రాదు. ఆఫీసరు మాత్రం కోస్తా నుంచి వచ్చాడు. చదువుకున్నవాడు, మాట మర్యాద ఉన్నవాడు. ఆయన మొదటి ఉత్తర్వు గడి చుట్టూ ఉన్న చెట్లు కొట్టేయమని. చెట్ల చాటు నుంచి దళం వాళ్లు వస్తారని ఆయన భయం. గడి వెనక పాత చింతచెట్లు వరసగా ఉండేవి, లోపలంతా తొర్రలు పట్టి. ఊళ్లో వాళ్ల చేత వాటిని కొట్టించే పని నాకిచ్చారు.

పెద్ద చెట్టు పడిన రోజు తొర్రలోంచి పైడికంటెలు బయటికి వచ్చాయి. మిట్టమధ్యాహ్నం. ఎండకు కళ్లు చికిలిస్తూ, ఎటు పోవాలో తెలియక కూలిన కొమ్మల మీదే కూర్చున్నాయి. కాకులు చుట్టుముట్టాయి. తర్వాత తోచినవైపు ఎగిరిపోయాయి. గుట్ట వైపే ఎగిరిపోయాయి. అది నేను నా కళ్లతో చూశాను.

చాచా మొద్దు మీద చెయ్యి పెట్టి, "ఇండ్లు గూలగొట్టినం బేటా" అన్నాడు.

"పిట్టలకు చెట్లు కరువా చాచా" అని నేను గొడ్డళ్లు లెక్కపెట్టుకోవడానికి వెళ్లిపోయాను.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే నడిచింది. పాత సర్కారు నౌకర్లలో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసెయ్యాలి అని విచారణ చేస్తున్నారు. నా పని ఇంకా పక్కా కాలేదు. దళానికి నేను అన్నం పెట్టానన్న మాట ఎవరి నోటినుంచైనా జారితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు. ఆఫీసరు కంట్లో మంచివాడిగా పడాలని నేను ఎంత ఆరాటపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పిలవకముందే గడి ముందు నిలబడేవాణ్ని.

మోదుగులు పూసే కాలం వచ్చింది. ఊరికి కాస్త ఎడంగా ఉన్న బండగుట్ట మీద నుంచి సాయంకాలాలు ఒక కూత మొదలైంది. ఒకవైపు నుంచి ఒక కూత, రెండోవైపు నుంచి జవాబు, తర్వాత రెండూ కలిసి. కొద్దిసేపే. మళ్లీ తెల్లవారుతుండగా. కాపలా జవాన్లు బెదిరిపోయారు. దళం వాళ్లు పిట్ట కూతలతో సైగలు చేసుకుంటారని అప్పటికే అందరికీ తెలుసు.

ఆఫీసరు చాచానూ నన్నూ గడి మీదికి పిలిపించాడు. నాకు కుర్చీ వేయించాడు. అంతకుముందు ఏ ఆఫీసరూ నన్ను కుర్చీలో కూర్చోమనలేదు. చాచా గోడవారగా నిలబడ్డాడు. పొద్దు వాలింది. కూత మొదలైంది.

"వింటున్నావా? అది పిట్టా, మనిషా?" అన్నాడు ఆఫీసరు. "సరిగ్గా చెప్పాలి సుమా. మనిషైతే రేపు సాయంత్రం నా వాళ్లు గుట్ట కింద మాటు వేస్తారు. అక్కడ కదిలినవాణ్ని కాల్చేస్తారు. పిట్టయితే, పిట్ట మీదికి పోలీసుల్ని పంపిన వెర్రివాణ్నని నా పేరు మోగిపోతుంది."

గొంతు పైడికంటెది. అందులో నాకేమీ అనుమానం కలగలేదు. కాని ముందు జాగా అడగాలి కదా. బండగుట్ట. చెట్టూ చేమా లేవు, ఇళ్లు లేవు. పైడికంటె అక్కడ ఉండదు. ఉండనిది అక్కడెందుకు కూస్తుంది? అంత తేలిగ్గా లెక్క తేలిపోయింది నాకు.

"పైడికంటె కూతే సార్. కాని పైడికంటె ఊరు విడిచి బండల్లో ఉండదు. కొండగూబ ఉంటది, దాని గొంతు వేరు. ఇది మనిషి కూస్తున్న కూత."

ఆఫీసరు నా భుజం తట్టాడు. గోడ దగ్గర నుంచి చాచా ముందుకొచ్చాడు.

"సర్కార్, జర ఠైరో. ఒక్క పొద్దు ఆగుండ్రి. తెల్లారినంక నేను గుట్టెక్కి సూసొస్త. బండ మీద రెట్ట ఉంటె పిట్ట. లేకపోతె మీ ఇష్టం."

"ముసలాయన ఆగమంటున్నాడే" అని ఆఫీసరు నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "ఈయన మనిషి ఎటువంటివాడు? వాళ్లకు కబురు అందించడానికి పోతానంటున్నాడా?"

"చాచా అట్లాంటివాడు కాదు సార్" అని చెప్పి ఆగిపోతే సరిపోయేది. నేను చెప్పింది ఇది: "మంచివాడే సార్. కాని పెద్దతనం. చెవులు సరిగ్గా వినపడవు."

చాచా చెవులు పాము పాకే చప్పుడు కూడా వినేవి. ఆయన నన్ను చూశాడు. కోపంగా చూశాడని రాస్తే నాకు తేలికవుతుంది. ఏదో పోగొట్టుకున్నవాడు చూసినట్టు చూశాడు. తలపాగా సర్దుకుని మెట్లు దిగిపోయాడు. తెల్లవారి ఆయన్ని గుట్ట వైపు పోనివ్వకుండా జవాను ఒకణ్ని గుమ్మం ముందు కూర్చోబెట్టారు.

ఆ రోజు పొద్దు వాలుతుండగా గుట్ట వైపు నుంచి తుపాకులు పేలాయి. నేను గడి వాకిట్లోనే ఉన్నాను. కాసేపటికి నలుగురు జవాన్లు దుప్పట్లో ఒక మనిషిని మోసుకొచ్చారు. గొల్లాయన. బండల మధ్య ఇరుక్కుపోయిన మేకపిల్లను దించుకురావడానికి ఎక్కాడు. అది కూడా వాళ్ల వెనకే అరుచుకుంటూ గడి లోపలికి వచ్చింది. ఆయన కాళ్ల దగ్గర నిలబడి అరుస్తూనే ఉంది. ఎవరూ దాన్ని తోలలేదు.

అప్పుడు గుట్ట మీద నుంచి కూత మొదలైంది.

తుపాకుల చప్పుడుకు బెదిరి అంతదాకా ఊరుకున్నట్టున్నాయి. ఒకటి అందుకుంది. రెండోది జవాబిచ్చింది. రెండూ కలిసి రేగాయి. వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ తల ఎత్తి విన్నారు. జవాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

గొల్లామె వచ్చింది. ఆమెను పట్టుకోవడానికి ఊరివాళ్లు వెంట వచ్చారు. ఆమె ఏడవలేదు. దుప్పటి తీసి చూసింది, కప్పింది.

"పొద్దున సద్ది గట్టిచ్చిన. సగమే తిన్నడు" అంది. తర్వాత చుట్టూ చూసి, "ఎందుకు గాల్చిన్రు? ఎవలన్న జెప్పుండ్రి" అంది.

ఆఫీసరు నా వైపు చూడకుండా, "గుట్ట మీద సైగలు జరుగుతున్నాయని సమాచారం వచ్చిందమ్మా" అన్నాడు.

"ఎవలు జెప్పిన్రు?"

నేను ఆమెకు చేయి చాచినంత దూరంలో ఉన్నాను. చాచా ఊరివాళ్ల వెనక ఉన్నాడు. ఆయన నోరు విప్పలేదు. నా కోసం ఎదురుచూశాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. నేనూ విప్పలేదు. నేను చెప్పింది తప్పుడు మాట, అది పొరపాటు. ఆ వాకిట్లో చెప్పనిది మాత్రం పొరపాటు కాదు.

గొల్లాయన దళానికి సద్ది మోసేవాడని, కూతలు ఆయనే కూశాడని చెప్పుకున్నారు. కాల్చినందుకు ఏదో ఒక కారణం ఉండాలి కదా. చాలా ఏళ్లు ఆమె దళం మనిషి పెళ్లాం అనే పేరుతోనే బతికింది. ఆ మాట కూడా నేను కాదనలేదు.

అంత్యక్రియలయ్యాక ఒకనాడు పొద్దున చాచా నా గుమ్మం ముందు నిలబడి, రమ్మని చేత్తో సైగ చేశాడు. ఇద్దరం గుట్ట ఎక్కాం. రెండు పెద్ద బండల మధ్య నెర్ర. దాని అంచున తెల్లగా రెట్ట, కింద పురుగుల రెక్కలు, ఎలక ఎముకలు. లోపల పచ్చటి కళ్లు రెండు. మమ్మల్ని చూసి తల కిందికీ పైకీ ఆడించింది. దాని వెనక పిల్లలున్నట్టున్నాయి, సన్నగా చప్పుడవుతోంది. అక్కడి నుంచి చూస్తే గడి వెనక చింతమొద్దులు వరసగా కనిపిస్తున్నాయి.

"చాచా" అన్నాను. "నాకు జాగానే తట్టింది. జాగా మనమే కొట్టేసినమన్నది తట్టలేదు."

చాచా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"క్యా? వినబడ్తలేదు బేటా."

గట్టిగా మళ్లీ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, చెవి చూపించి, గుట్ట దిగడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి నేనేం చెప్పినా చాచాకు వినపడలేదు. మిగతా అందరి మాటలూ వినేవాడు. వీధి చివర గుసగుస పెట్టినా పలికేవాడు. నేను నోరు తెరవగానే చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాడు. రొట్టెలు మాత్రం పెట్టడం మానలేదు. రెండు రొట్టెలు, కొంచెం ఉల్లిగడ్డ కారం. తినేదాకా ఊరుకునేవాడు కాదు, ఎదురుగా కూర్చునేవాడు. నన్ను క్షమించమని ఆయన్ని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఒక్కసారీ వినపడలేదు.

నా ఉద్యోగం పక్కా అయింది. ఆఫీసరే మంచి మాట రాశాడని తర్వాత తెలిసింది. ఎందుకు రాశాడో నాకు తెలుసు. ఆ పొరపాటులో ఆయనకూ భాగముంది, ఆ భాగం నా దగ్గర భద్రంగా ఉండాలని. నేను బదిలీ అడిగి మహబూబ్‌నగర్ వైపు అడవులకు వెళ్లిపోయాను. చాచా మరణవార్త అక్కడికి చాలా ఆలస్యంగా చేరింది. గొల్లామే దగ్గరుండి ఊరివాళ్ల చేత ఖననం చేయించిందట.

తర్వాత ఉద్యోగమంతా మామూలుగానే గడిచింది. ఒక్క విషయంలో మాత్రం పై అధికారులతో నాకు పడేది కాదు. కొట్టవలసిన చెట్ల మీద సుత్తితో ముద్ర వేయడం మా పని. ముందుగా ముద్ర వేయవలసింది ఎండినవాటికి, తొర్ర పట్టినవాటికి. నేను తొర్ర చెట్లను వదిలేసేవాణ్ని. "ఏమయ్యా, నీకు కళ్లు కనబడవా?" అని ఒక రేంజి ఆఫీసరు అడిగాడు. కనబడవన్నాను. నా కింది నౌకర్లు వెనక నవ్వుకునేవాళ్లు, తొర్రల దొర అని పేరు కూడా పెట్టారు. నవ్వుకోనిచ్చాను. చెట్లు వదిలేస్తే చేసింది కొట్టుకుపోతుందని నేను అనుకోలేదు. చెయ్యి రాలేదు, అంతే.

పదవీ విరమణకు కొద్దికాలం ముందు రోడ్డు పక్కన మొక్కలు నాటే పని మీద మళ్లీ ఆ ఊరు వెళ్లవలసి వచ్చింది. గడి పైకప్పు కూలిపోయింది. గోడలే మిగిలాయి. చింతమొద్దుల్లోంచి కొత్త కొమ్మలు లేచి, మళ్లీ చెట్లయ్యాయి. గొల్లామె గోడ పక్కన మేకకు ఆకు వేస్తోంది. జుట్టంతా తెల్లబడింది. నేను చెప్పకముందే గుర్తుపట్టింది.

"జంగ్లాత్ చౌకీదారువు గదా. కూసో. మేకపాల చాయ తాగుతవా, సార్లయినంక తాగరా?"

"తాగుత అక్కా."

చాయ ఇచ్చింది. నేను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చెప్పాలని వచ్చిన మాటలన్నీ దారిలోనే పోగొట్టుకున్నాను. చివరికి, "అక్కా, ఆ రోజు ఎవరు చెప్పిన్రని అడిగినవు. చెప్పింది నేనే" అన్నాను.

ఆమె మేక వైపే చూస్తోంది.

"చాచా జెప్పిండు" అంది.

"ఎప్పుడు?"

"పోయే ముందు. నీ మీద కోపం పెట్టుకోకుమన్నడు. వాడంతట వాడే ఒచ్చి జెప్తడు, గప్పటిదాంక ఊకో అన్నడు." ఆకు మోపు మేక ముందుకు జరిపింది. "శాన ఆలిశం జేసినవు సారు."

పొద్దు వాలింది. గడి గోడలో రాయి ఊడిన సందులోంచి ఒక కూత లేచింది. చింతకొమ్మ మీద నుంచి రెండోది జవాబిచ్చింది. తర్వాత రెండూ కలిసి రేగాయి. ఆమె నా మొహం వైపు తిరిగింది.

"ఇప్పుడు జెప్పు. పిట్టనా? మనిషా?"

గోడ సందులో పచ్చటి కళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా కూత ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగేదాకా కూర్చున్నాను.

"పిట్టనే అక్కా" అన్నాను.

"సరిగ్గ ఇన్నవా?"

నేను తల దించుకున్నాను. ఆమె చల్లారిన చాయ నా చేతిలోంచి తీసుకుని, నేల మీద పారబోసి, వేడిది పోసి మళ్లీ చేతికిచ్చింది.

"మల్లొక్కపారి ఇను" అంది. "ఇప్పుడేం తొందరున్నది."